పేరయ్య గోడకు చెవి ఆనించడు

పెళ్లి భోజనాల దగ్గరా, రైలు ప్రయాణాల్లోనూ నన్ను జనం అడిగే సైన్సు ప్రశ్నల్లో కృష్ణబిలాల వంతు బాగా తగ్గిపోయింది. ఇప్పుడు అందరిదీ ఒకటే సందేహం: “ఈ ఫోను మన మాటలు వింటుందాండీ?” అడిగిన వెంటనే సాక్ష్యం కూడా చెప్పేస్తారు. రాత్రి భోజనాల దగ్గర వాటర్ ప్యూరిఫయర్ కొనాలని ఇంట్లో అనుకున్నారట. ఎవరూ గూగుల్లో వెతకలేదట. పొద్దున్నే ఫేస్‌బుక్ తెరిస్తే ప్యూరిఫయర్ ప్రకటన! ప్యూరిఫయర్ కాకపోతే మోకాళ్ల నొప్పుల నూనె, అదీ కాకపోతే శంషాబాద్ దగ్గర ప్లాట్లు. సరుకు మారుతుంది గానీ కథ మారదు.

ఇలా చెప్పేవాళ్లు కల్పించి చెప్పడం లేదు. మాట అనుకున్నదీ నిజమే, ప్రకటన వచ్చిందీ నిజమే. మాట వల్లే ప్రకటన వచ్చిందా అన్నదే తేల్చాలి.

మైకు మీద నేరం

ముందు ఒక చిన్న లెక్క. మనిషి గొంతును అర్థమయ్యేలా, బాగా కుదించి పంపడానికి సెకనుకు 24 కిలోబిట్లు చాలనుకుందాం. రోజంతా అలా పంపుతూ పోతే దాదాపు 260 ఎంబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేయించుకున్నవాళ్లకు అందులో ఆరో వంతు తెలియకుండానే హరించుకుపోవాలి. ఏ యాప్ ఎంత డేటా తిన్నదో చూపే పట్టిక ప్రతి ఫోను సెట్టింగ్స్‌లోనూ ఉంటుంది. ఇంత పెద్ద పద్దు అందులో దాక్కోలేదు.

“గొంతు పంపడం ఎందుకు? మాటల్ని ఫోనే అక్షరాలుగా మార్చుకుని, ఆ నాలుగు ముక్కలే పంపొచ్చుగా?” అని తెలివైనవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ చొక్కా జేబులోనో హ్యాండ్‌బ్యాగ్‌లోనో ఉన్న మైకుకు మన ఇల్లు ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. మిక్సీ తిరుగుతుంటుంది, టీవీలో సీరియల్ అత్తగారు అరుస్తుంటుంది, నలుగురూ ఒకేసారి సగం తెలుగు, సగం ఇంగ్లీషులో మాట్లాడుతుంటారు. ఆ గందరగోళంలోంచి “ప్యూరిఫయర్” అన్న మాటను ఏరడానికి ఫోను రోజంతా లెక్కలు కట్టాలి. మధ్యాహ్నానికే బ్యాటరీ ఖాళీ అవుతుంది, ఒళ్లు కాలిపోతుంది. పైగా ఏ యాప్ అయినా మైకు వాడుకుంటే తెర పై అంచున ఒక చుక్క వెలుగుతుంది. ఐఫోన్లలో 2020 నుంచి నారింజ రంగుది, ఆండ్రాయిడ్‌లో 2021లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఆకుపచ్చది.

పరిశోధకులు కూడా కూపీ లాగారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం బృందం 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించింది. దొంగచాటుగా మైకు తెరిచి గొంతు బయటికి పంపిన యాప్ ఒక్కటీ దొరకలేదు. అయితే వెతకనిది ఒకటి దొరికింది. ఒక యాప్ తన తెర మీద జరిగేదంతా వీడియోగా తీసి వేరే కంపెనీకి పంపుతోంది! యాప్‌లను మనుషులు కాక ప్రోగ్రామే నడిపింది కాబట్టి ఈ పరిశీలనకూ హద్దులున్నాయి. కాకపోతే ఇన్నేళ్లలో దీన్ని తిరగరాసే గట్టి సాక్ష్యం ఎవరూ తేలేదు.

మైకు పూర్తిగా నిర్దోషి అని కూడా అనను. “హే సిరి”, “ఓకే గూగుల్” అనగానే ఫోను పలుకుతోందంటే ఆ పిలుపు కోసం కాచుకుని ఉన్నట్టే కదా. ఆ పని ఒక చిన్న చిప్ చేస్తుంది. కొద్ది సెకన్ల శబ్దాన్ని మాత్రం పట్టుకుని, పిలుపు కాకపోతే చెరిపేసుకుంటూ పోతుంది. అప్పుడప్పుడు పొరబడుతుంది, పిలవకుండానే పలుకుతుంది. అలా పొరపాటున రికార్డయిన మాటల్ని యాపిల్ నియమించుకున్న కాంట్రాక్టు ఉద్యోగులు వింటున్నారని 2019లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. యాపిల్ క్షమాపణ చెప్పింది. తర్వాత అమెరికాలో నడిచిన దావాను, తప్పు ఒప్పుకోకుండానే, 9.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంటున్నట్టు 2025 జనవరిలో తెలిసింది. ఇక కాక్స్ మీడియా గ్రూప్ అనే అమెరికన్ కంపెనీ, ఫోన్ల చుట్టూ జరిగే సంభాషణలు విని ప్రకటనలు చూపిస్తామంటూ ప్రకటనదారులకు పత్రాలు పంచిన సంగతి 404 మీడియా అనే వార్తా సంస్థ కథనాలతో రచ్చకెక్కింది. గూగుల్ ఆ కంపెనీని తన భాగస్వాముల జాబితాలోంచి తీసేసింది. మేమెన్నడూ ఎవరి మాటలూ వినలేదని కంపెనీ ఆ తర్వాత మాట మార్చింది. అమ్ముకోవడానికి చెప్పిన గొప్పలా, నిజంగా చేసిన పనా? చేశారనడానికైతే రుజువు లేదు.

నా మట్టుకు నాకు, ఫోను మన మాటలు విని ప్రకటనలు చూపిస్తోందనడానికి ఆధారం కనిపించదు. ఈ మాట విని చాలామంది హమ్మయ్య అనుకుంటారు. అంత తొందర వద్దు.

పేరయ్య పద్ధతి

పూర్వం ప్రతి ప్రాంతానికీ ఒక పెళ్లిళ్ల పేరయ్య ఉండేవాడు. ఫలానా వారమ్మాయి డిగ్రీ పరీక్షలు రాసేసిందని రిక్షా అతను చెబుతాడు. ఇంటికి వెల్ల వేయిస్తున్నారని మేస్త్రీ అంటాడు. తండ్రి బ్యాంకులో డిపాజిట్ గురించి వాకబు చేశాడని కాఫీ హోటల్లో తెలుస్తుంది. ఆ రాత్రి ఇంట్లో భార్యాభర్తలు గొంతు తగ్గించి “ఈ మాఘంలో పిల్ల పెళ్లి చేసేద్దామా” అనుకుంటారు. తెల్లారేసరికి చంకలో గొడుగు, సంచిలో నాలుగు జాతకాలతో పేరయ్య గుమ్మంలో ప్రత్యక్షం. ఇంటావిడ బుగ్గలు నొక్కుకుంటుంది, ఈయనకెలా తెలిసిందమ్మా అని.

పేరయ్య గోడకు చెవి ఆనించలేదు. వాళ్లేమనుకున్నారో ఆయనకు తెలియనే తెలియదు. అనుకునే వేళయిందని తెలుసు, అంతే. ఇలాంటి ఇళ్లను ఆయన వందల్లో చూశాడు. పరీక్షలు, వెల్ల, డిపాజిట్ ఒకచోట కలిశాయంటే తర్వాత వచ్చేది పెళ్లి మాటే.

ఇప్పుడు ప్యూరిఫయర్ ఇంటికి వద్దాం. మియాపూర్లో కొత్త ఫ్లాట్‌లోకి దిగిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. రెండు వారాలుగా ఆ ఇంటి ఫోన్లు రాత్రిళ్లు కొత్త చోట నిద్రపోతున్నాయి. అంతకుముందు వారం సామాన్లు తరలించే యాప్ ఒకటి దించుకున్నారు. కర్టెన్ రాడ్లు, చీపురు, డోర్‌మ్యాట్లు ఆన్‌లైన్లో తెప్పించారు. అదే అపార్ట్‌మెంట్లో మరికొన్ని ఇళ్లవాళ్లు చేరిన నెలలోపే ప్యూరిఫయర్లు కొన్నారు, ఎందుకంటే అక్కడ వచ్చేది బోరు నీళ్లు, గిన్నెలకు తెల్లగా చారలు కడుతున్నాయి. పండక్కి వచ్చిన బావమరిది ఇంటి వైఫైకి తన ఫోను కలుపుకుని, నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాలు) ఎంత ఉండొచ్చో వెతికి చూశాడు, ఎవరికీ చెప్పలేదు. ఇంటావిడ కూడా ఆ చారలు చూసే “ప్యూరిఫయర్ పెట్టించాలండీ” అంది. ఆవిడ మాట వల్ల ప్రకటన రాలేదు. ఆవిడ మాటా, ఆ ప్రకటనా రెండూ ఒకే బోరు నీళ్లలోంచి వచ్చాయి.

బోరు నీళ్ల సంగతి ప్రకటనలు చూపే కంపెనీకి తెలియనక్కర్లేదు కూడా. ఫలానా లక్షణాలున్నవాళ్లు ఫలానా వస్తువు కొంటున్నారు, అవే లక్షణాలు ఇంకెవరికున్నాయో వెతుకు అని కంప్యూటర్‌కు చెబితే చాలు. అలా పోగైనవాళ్లను పోలికల గుంపు అనుకుందాం. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2013లో 58,000 మంది వలంటీర్ల ఫేస్‌బుక్ లైకులను తీసుకుని, వాటితోనే మనిషి ఆడో మగో, రాజకీయంగా ఎటు మొగ్గో చాలావరకు సరిగ్గా చెప్పగలిగారు. అందులో తెలివితేటలు ఎక్కువని సూచించిన లైకుల్లో ఒకటి కర్లీ ఫ్రైస్‌కి, అంటే మెలికలు తిరిగిన ఆలుగడ్డ వేపుడుకి! ఆలుగడ్డకీ తెలివికీ సంబంధం ఏమిటని కంప్యూటర్ అడగదు. రెండూ కలిసి కనిపిస్తే దానికి చాలు.

మనవైపు నుంచి కూడా ఒక పొరపాటు ఉంది. పేరయ్య పది గడపలు తొక్కితే తొమ్మిది చోట్ల “మా పిల్ల ఇంకా చదువుకోవాలి” అని పంపేస్తారు. ఆ తొమ్మిదీ ఎవరూ చెప్పుకోరు, పదో ఇల్లు మాత్రం ఊరంతా చెబుతుంది. రోజూ మన వేలి కింద జారిపోయే ప్రకటనల్లో గురి తప్పినవి గుర్తుండవు. ప్యూరిఫయర్ ప్రకటన వారం నుంచీ వస్తూనే ఉండి, మాట అనుకున్న తర్వాత మొదటిసారి కళ్లబడి ఉండొచ్చు కూడా. ఆ ప్రకటన ఓరకంట చూసినందుకే ఆ మాట వచ్చిందేమో, అదీ చెప్పలేం.

పదో వంతు సెకనులో వేలంపాట

ఇంత సమాచారం ఒకచోటికి ఎలా చేరుతుంది? రిక్షా అతనూ మేస్త్రీ ఒకే పిల్ల గురించి చెబుతున్నారని పేరయ్యకు తెలియాలంటే ఇంటి పేరు కావాలి. ఫోన్ల లోకంలో ఇంటి పేరు పని చేసేది ఒక పొడుగాటి సంఖ్య. దాన్ని అడ్వర్టైజింగ్ ఐడీ అంటారు, మనం ప్రకటన నంబరు అందాం. యాపిల్ 2012లో, గూగుల్ 2013లో దీన్ని ప్రవేశపెట్టాయి. మనం వాడే యాప్‌లు ఒకదానికొకటి తెలియకపోయినా, అన్నీ ఇదే నంబరు పేరిట వార్తలు పంపుతాయి. వాటిని కలిపి చూసుకునేవాళ్లు కలిపి చూసుకుంటారు. యాప్ తయారుచేసేవాళ్లు తమ పని సులువు కోసం పెద్ద కంపెనీల రెడీమేడ్ కోడ్ తెచ్చి అతికిస్తారు. ఆ కోడ్ తన యజమానికి కబుర్లు చేరవేస్తుంది. ప్రైవసీ ఇంటర్నేషనల్ సంస్థ 2018లో 34 యాప్‌లను పరీక్షిస్తే, వాటిలో కనీసం నూటికి 61 తెరిచీ తెరవగానే ఫేస్‌బుక్‌కు సమాచారం పంపాయి. ఆ ఫోను మనిషికి ఫేస్‌బుక్ ఖాతా లేకపోయినా సరే.

క్రికెట్ స్కోరు చూసే యాప్ తెరిచారనుకోండి. పైన ప్రకటన కోసం ఒక ఖాళీ జాగా ఉంటుంది. అది నిండేలోపే, అంటే సుమారు సెకనులో పదో వంతు కాలంలో, ఒక వేలంపాట జరిగిపోతుంది. ఫలానా ప్రకటన నంబరు, ఫలానా మోడల్ ఫోను, తెలుగు సెట్టింగు, ఫలానా ప్రాంతం, క్రికెట్ యాప్, ఎంతిస్తారు అని పదులకొద్దీ కంపెనీలకు కేక వెళ్తుంది. ఎక్కువ పాడినవాడి ప్రకటన కనిపిస్తుంది.

ఇక్కడ ఓడినవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. నాకు అసలు భయం వాళ్ల దగ్గరే. పాట పాడకపోయినా కేక వాళ్లకూ వినపడింది కదా! ఫలానా నంబరు ఫలానా వేళ ఫలానా చోట ఉందని రాసుకుంటూ పోతే ఏళ్ల తరబడి మనిషి తిరుగుళ్లన్నీ పోగవుతాయి. మొబైల్‌వాలా అనే కంపెనీ అచ్చంగా ఇదే చేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 డిసెంబర్లో ఆరోపించింది. 2018 నుంచి 2020 మధ్యలో 50 కోట్లకు పైగా ప్రకటన నంబర్లను, అవి తిరిగిన చోట్లతో సహా, ఆ కంపెనీ పోగేసిందని కమిషన్ లెక్క.

“నంబరే కదా, పేరు లేదుగా” అని కంపెనీలు సర్దిచెబుతాయి. 2013లో వెలువడిన ఒక పరిశోధన ఈ సర్దుబాటును తుంచేసింది. 15 లక్షల మంది మొబైల్ వాడకందారుల 15 నెలల కదలికలను ద మోంజోయ్ అనే పరిశోధకుడి బృందం విశ్లేషించింది. ఏ మనిషి అయినా ఏ వేళకు ఎక్కడున్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని ఆ గుంపులోంచి విడిగా ఏరి పట్టుకోవచ్చని తేలింది. రాత్రిళ్లు ఫోను ఉండే చోటు ఇల్లు, పగలు ఉండే చోటు ఆఫీసు. ఈ రెండు చోట్లూ కలిసే మనిషి ఆ వీధిలో ఒక్కడే ఉంటాడు.

పేరుకు ముడి వేసే పని మనమూ చేస్తాం, అదీ నోటితో. బట్టల షోరూమ్ బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే “మొబైల్ నంబర్ సార్” అంటుంది. వెనక క్యూ ఉంది, మనం గడగడా పది అంకెలూ అప్పజెప్పేస్తాం. కొట్టువాళ్లు తమ ఖాతాదారుల నంబర్ల జాబితాను గూఢలిపిలోకి మార్చి ప్రకటనల కంపెనీకి ఎక్కించే వీలుంది. అక్కడ ఉన్న నంబర్లతో సరిపోలితే, అంగట్లో చీర కొన్న మనిషీ ఫోనులో వీడియోలు చూసే మనిషీ ఒకరేనని తెలిసిపోతుంది. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు సూచించింది. “నంబర్ లేకుండా బిల్లు వేయమ్మా” అని నేను అడుగుతుంటాను. కొన్నిచోట్ల వేస్తారు, కొన్నిచోట్ల నావైపు విచిత్రంగా చూస్తారు.

ఇదంతా ఎందుకంటే డబ్బు కోసమే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని మెటా 2023 ఆదాయం సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందులో నూటికి 97కి పైగా ప్రకటనలదే.

పక్కవాళ్ల ఫోన్లలో మనం

“నా దగ్గర దాచుకోవడానికేముందండీ” అనేవాళ్లు చాలామంది. ఉండకపోవచ్చు. కానీ వాళ్ల ఫోను తెరిచి కాంటాక్టులు ఒకసారి కిందికి జరపండి. “చిట్టీ లక్ష్మి ఆంటీ”, “ప్లంబర్ సత్తిబాబు”, “సుజాత కొత్త నంబర్ (ఎవరికీ ఇవ్వొద్దు)”, “డయాలసిస్ టెక్నీషియన్”, “విడాకుల లాయర్”. ఈ పేర్లలో ఒకరి జబ్బు ఉంది, ఒకరి కాపురం ఉంది, భర్తకు తెలియకుండా తీసుకున్న ఒక నంబర్ ఉంది. ఏదో ఆటల యాప్ “కాంటాక్టులు చూడనిస్తారా” అనగానే “అలో” నొక్కితే వెళ్లేవి ఇవే. పేరయ్యకు మన గురించి చెప్పింది మనం కాదు కదా, రిక్షా అతనూ మేస్త్రీనూ.

ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ వాడకందారుల సమాచారం బయటికి పోయిన కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవలో భారతదేశం లెక్క చూస్తే ఇది ఎంత దూరం పోతుందో అర్థమవుతుంది. మన దేశంలో ఆ క్విజ్ యాప్‌ను పెట్టుకున్నది 335 మంది. వాళ్ల స్నేహితుల జాబితాల ద్వారా సమాచారం బయటికి పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్ 2018లో చెప్పిన సంఖ్య 5.62 లక్షలు. నొక్కినవాళ్లు వందల్లో, బయటపడ్డవాళ్లు లక్షల్లో.

దీని ఘోరమైన రూపం తెలుగువాళ్లు 2020 చివర్లోనే చూశారు. అప్పటికప్పుడు అయిదారు వేలు అప్పిచ్చే యాప్‌లు పెట్టే షరతు ఒకటే: కాంటాక్టులు, ఫొటోలు చూడనివ్వాలి. వాయిదా తప్పితే ఫోనులో ఉన్న అత్తగారికీ, ఆఫీసు మేనేజర్‌కూ, పిల్లల టీచర్‌కూ వాట్సాప్‌లో “ఇతను దొంగ” అని మెసేజీ వెళ్లేది, మార్ఫింగ్ చేసిన ఫొటోతో సహా. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. అప్పు యాప్‌లు కాంటాక్టులు, కాల్ జాబితా, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్లో నిబంధన పెట్టింది. అప్పు యాప్‌లు కాంటాక్టులూ ఫొటోలూ అడగకుండా 2023 మే 31 నుంచి గూగుల్ తన ప్లే స్టోర్లో నిషేధించింది. ఆ మెసేజీలు అందుకున్నవాళ్లలో ఎవరూ అప్పు తీసుకోలేదు, ఏ షరతుకూ ఒప్పుకోలేదు.

మన చట్టం కూడా సరిగ్గా ఇక్కడే ఇబ్బంది పడుతోందని నా అభిప్రాయం. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఉల్లంఘనకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది, ప్రభుత్వ సంస్థలకు మాత్రం పెద్ద మినహాయింపులున్నాయి. అనుమతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలని అందులో ఉంది, కాబట్టి చట్టం ప్రకారం దాన్ని తెలుగులో అడిగే హక్కు మనకుంటుంది. బాగానే ఉంది. కానీ చట్టం నడిచేది మనిషి తన గురించి తానిచ్చే సమ్మతి మీద. తెర మీద ఆ ప్రశ్న కనిపించేది ఫోను పట్టుకున్న ఒక్కరికే. జాబితాలో ఉన్న మిగతా నాలుగొందల మందిని ఎవరు అడుగుతారు?

మనకు చేతనైనంత

అందుకే మొదట చూడాల్సింది కాంటాక్టుల అనుమతి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద పర్మిషన్ మేనేజర్ తెరిస్తే ఏ యాప్ కాంటాక్టులు చూస్తోందో జాబితా వస్తుంది. టార్చిలైటుకూ, పంచాంగానికీ అవి అక్కర్లేదు, తీసేయండి. 2024లో వచ్చిన ఐఓఎస్ 18తో ఐఫోన్లలో అన్నీ కాకుండా ఎంచుకున్న కాంటాక్టులే ఇచ్చే ఏర్పాటు వచ్చింది. లొకేషన్ కచ్చితంగా కాక ఉజ్జాయింపుగా ఇచ్చే వీలు రెండు రకాల ఫోన్లలోనూ ఉంది. వాతావరణం యాప్‌కు మీ ఊరు తెలిస్తే చాలు, మీ వీధి ఎందుకు?

ప్రకటన నంబరును ఆండ్రాయిడ్‌లో యాడ్స్ అన్నచోట పూర్తిగా చెరిపేయొచ్చు. ఐఫోన్లలో 2021 ఏప్రిల్ నుంచి ఆ నంబరు వాడాలంటే ప్రతి యాప్ ముందుగా అడగాల్సిందే. ఆ ఒక్క ప్రశ్న వల్ల 2022లో తమకు సుమారు 1,000 కోట్ల డాలర్ల దెబ్బ తగలొచ్చని మెటా లెక్కగట్టింది. వద్దు అని నొక్కే వేలికి ఎంత బలముందో ఆ అంకె చెబుతుంది. నంబరు చెరిపితే ప్రకటనల సంఖ్య తగ్గుతుందనుకోకండి, గురి మాత్రమే తప్పుతుంది.

ఇంకొకటి, చాలామంది చూడనిది. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో, మెటా బయట మీ కార్యకలాపాలు అనే అర్థం వచ్చే పేజీ ఉంటుంది. ఏ షాపింగ్ సైట్, ఏ మందుల యాప్, ఏ టికెట్ల కంపెనీ మీ గురించి మెటాకు కబురు పంపాయో పేర్లతో సహా అక్కడ కనిపిస్తుంది. పాత చిట్టా చెరిపేసే బటనూ, ఇకపై వచ్చేదాన్ని ఖాతాతో కలపొద్దనే బటనూ ఉన్నాయి. రెండూ నొక్కండి. అయితే ఆ పేజీలోని చిన్న అక్షరాలు కూడా చదవండి: బటన్ నొక్కాక ఆ కంపెనీలు కబురు పంపడం ఆగదు, వచ్చిన కబురును మీ ఖాతాకు ముడిపెట్టడం మాత్రమే ఆగుతుంది.